నాచు తాగిన బాయిలర్

ఆ వీధిలో ఆవిడని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. చిన్నా పెద్దా అందరికీ ఇస్త్రీ పెద్దమ్మే. సముద్రం ఒడ్డున, వీధి చివర ఉన్న ఆవిరి లాండ్రీ ఆవిడది. భర్త పోయిన దగ్గర్నుంచీ ఒంటిచేత్తో నడుపుకొస్తోంది. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క పెద్దాసుపత్రి పక్కల మీది దుప్పట్లు, ఆపరేషన్ గది గుడ్డలు, నర్సుల కోట్లు అన్నీ ఆవిడ దగ్గరికే వచ్చేవి. మడత విప్పితే గీత కనపడాలి, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏ వాసనా రాకూడదు. ఆవిడకి తెలిసిన ధర్మశాస్త్రం అంతే. మాట కూడా ఇస్త్రీ మడతలాగే పదునుగా ఉండేది. తిట్టడానికి వెయ్యి నోళ్ళు గానీ, మెచ్చుకోవాల్సి వస్తే ఉన్న ఒక్క నోటికీ తాళం పడేది.

అలాంటి పెద్దమ్మకి లోకంలో ఒకే ఒక్క శత్రువు ఉండేది. మనిషి కాదు, సముద్రపు నాచు.

పూర్వం ఒడ్డుకి ఏదో పిడికెడు కొట్టుకొచ్చేది. ఎవరూ పట్టించుకునేవారు కాదు. తర్వాత్తర్వాత ఏమైందో ఏమో, ఎండలు ముదిరేసరికి గోధుమరంగు నాచు గుట్టలు గుట్టలుగా వచ్చి పడడం మొదలుపెట్టింది. మోకాలి లోతున మేట వేసేది. ఒకటి రెండు రోజులు తడితడిగా మెరిసి, తర్వాత కుళ్ళేది. కుళ్ళిన గుడ్ల కంపు! కిటికీలు మూస్తే ఉక్క, తెరిస్తే కంపు. మున్సిపాలిటీ వాళ్ళు ట్రాక్టర్లు పెట్టి ఒక వైపు ఎత్తిపోస్తుంటే సముద్రం తాపీగా ఇంకోవైపు తెచ్చిపడేసేది. మేడ మీద ఆరేసిన దుప్పట్లకి ఆ వాసన పట్టేసి, ఒకసారి ఆసుపత్రి నుంచి బండెడు బట్టలు వెనక్కొచ్చాయి. పెద్దమ్మకి తల కొట్టేసినట్టయింది. ఆ రోజు సముద్రం వైపు తిరిగి ఆవిడ తిట్టిన తిట్లకి కెరటాలు కూడా ఒకడుగు వెనక్కి వేశాయని వీధిలో వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

సరిగ్గా ఆ సంవత్సరమే ఇంటికి కోడలు వచ్చింది.

కొడుకు ఓడల్లో ఇంజను మెకానిక్. నెలల తరబడి నీళ్ళ మీదే ఉంటాడు. చదువుకున్న పిల్లనే చూసి చేసుకున్నాడు. ఇంధనాల మీద పెద్ద చదువు చదివి, కాలేజీ ప్రయోగశాలలో పనిచేస్తుండేది ఆ అమ్మాయి. నెమ్మదస్తురాలు. నలుగురిలో ఉన్నా ఉన్నట్టు తెలిసేది కాదు. "నోట్లో నాలుకుందో లేదో చూసే చేసుకున్నావా?" అని పెద్దమ్మ కొడుకుని ఎగతాళి చేసింది. వాడు నవ్వి ఓడెక్కేశాడు.

అతను వెళ్ళిన వారానికే పెద్దమ్మ మేడెక్కి, అక్కడ కనిపించిన దృశ్యానికి అలాగే నిలబడిపోయింది. తెల్లటి దుప్పట్ల పక్కన తాళ్ళ మీద తోరణాల్లాగా నాచు వేలాడుతోంది.

"ఏంటమ్మాయ్ ఇది?"

"నాచు అత్తయ్యా."

"నాచని నా కళ్ళకీ కనపడుతోంది. నా మేడ మీద ఎందుకుందని."

"ఆరబెడుతున్నాను."

"ఊరు ఊరంతా దీన్ని ఎలా వదిలించుకుందామా అని చస్తుంటే నువ్వు ఇంటికి పిలిచి పీట వేస్తున్నావా?"

కోడలు గబగబా అంతా తీసేసింది. ఎదురు చెప్పలేదు. అలాగని మాననూ లేదు. మర్నాటి నుంచి ఒడ్డునే, పాత పడవల పక్కన ఆరబెట్టుకుంది. సాయంత్రం ఇంటికొస్తే చేతులకి ఎంత సబ్బు రుద్దినా ఆ వాసన పోయేది కాదు. ఒకరోజు భోజనాల దగ్గర పెద్దమ్మ ఉండబట్టలేక అడిగేసింది.

"అసలు దాంతో ఏం చేద్దామని?"

కోడలు మొహం వెలిగిపోయింది. ఆ ఇంట్లో ఆ ప్రశ్న ఎవరైనా అడుగుతారేమో అని ఎదురుచూస్తున్నట్టుంది. పళ్ళెం పక్కన గిన్నె తీసి మూత పెట్టింది.

"కట్టెని మామూలుగా కాలిస్తే బూడిదవుతుంది కదా. అదే కట్టెని మూత బిగించిన ఇనప పాత్రలో పెట్టి, బయట్నుంచి కాల్చామనుకోండి. లోపల గాలి ఉండదు కాబట్టి మండదు. వేడికి విడిపోతుంది. ఆవిరిగా లేచేదాన్ని గొట్టంలో చల్లబరిస్తే నూనె. ఎంత చల్లబరిచినా నూనె కానిది గ్యాసు. దాన్ని మళ్ళీ ఆ పాత్ర కిందే మండించుకోవచ్చు. అడుగున మిగిలింది బొగ్గు. నాచుకీ ఇదే పద్ధతి అత్తయ్యా."

"అంటే నాచు పొయ్యిలోకి నాచే వంటచెరకు."

"మొదట్లో మనం కొంచెం రాజెయ్యాలి. ఒకసారి అందుకుంటే ఇక తనని తానే కాల్చుకుంటుంది."

"మనుషుల్లోనూ ఉన్నార్లే అలాంటివాళ్ళు" అని పెద్దమ్మ చెయ్యి కడుక్కోవడానికి లేచింది. అయితే ఆ రాత్రి పడుకోబోయే ముందు గిన్నె మీద మూత తీసి ఒకసారి లోపలికి చూసింది. ఎందుకు చూసిందో ఆవిడకే తెలీదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. కోడలు ఇంట్లో ఇంకా గెలవకుండానే రచ్చకెక్కింది. కాలేజీ వాళ్ళు కొంత సామాను ఇచ్చారు, మున్సిపాలిటీ ఒడ్డున ఒక రేకుల షెడ్డు ఇచ్చింది. మనిషెత్తు ఇనప పాత్ర, దాని కింద పొయ్యి, పక్కన నీళ్ళ తొట్టిలో మెలికలు తిరిగిన గొట్టం. ఊళ్ళోవాళ్ళు దానికి నాచు బట్టీ అని పేరు పెట్టేశారు. అంతా సిద్ధమయ్యాక పెద్దల ముందు నడిపి చూపించమని మున్సిపల్ చైర్మన్‌గారు ఒకరోజు పెట్టారు.

ఆ రోజు ఊరంతా అక్కడే ఉంది. చైర్మన్, సభ్యులు, స్కూలు పిల్లలు, వీధి మొదట్లో మందుల షాపు పెట్టుకున్న పెద్దమనిషి. ఆయన షాపులో మందుల కన్నా మాటలే ఎక్కువ అమ్ముడుపోయేవి. పెద్దమ్మ వెళ్ళలేదు. "నాకు పనుంది" అంటూ మేడెక్కి దుప్పట్లు ఆరేసే నెపంతో అక్కణ్ణించే చూసింది.

మొదట బాగానే నడిచింది. గొట్టం చివర నల్లటి చుక్క ఒకటి రాలింది, ఇంకోటి రాలింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. తర్వాత చుక్కలు ఆగిపోయాయి. కోడలు పరుగున వెళ్ళి గొట్టం మీద చెయ్యి పెట్టి చూసి, "అందరూ వెనక్కి వెళ్ళండి!" అని అరిచింది. ఆ పిల్ల గొంతు అంత పెద్దదని పెద్దమ్మకి అప్పుడే తెలిసింది. అందరూ వెనక్కి జరిగారో లేదో పాత్ర మీదున్న రక్షణ వాల్వు బుస్సున తెరుచుకుంది. నల్లటి పొగ నిలువునా లేచి, సముద్రం గాలికి వంగి, తిన్నగా లాండ్రీ మేడ మీదికి వచ్చింది. వాల్వు దాని పని అది చేసింది కాబట్టి ఎవరికీ చిన్న దెబ్బ కూడా తగల్లేదు. కానీ మేడ మీద ఆసుపత్రి దుప్పట్లన్నీ తారు చుక్కలు పడి చిరుతపులి తోళ్ళలా తయారయ్యాయి. వాటి మధ్య పెద్దమ్మ, ముక్కు మీద ఒక చుక్కతో.

ఆవిడ కిందికి దిగి నడుచుకుంటూ షెడ్డు దగ్గరికొస్తుంటే జనం రెండుగా చీలి దారిచ్చారు. ఇక ఈ పిల్ల పని అయిపోయిందనే అందరూ అనుకున్నారు. కోడలు మొహమంతా మసి. తల వంచుకుని, వాల్వు మీద చల్లటి గుడ్డ కప్పుతోంది.

మందుల షాపాయన ఆగలేకపోయాడు. "మొత్తానికి నాచు నుంచి నూనె తీశారండీ. కాకపోతే దుప్పట్ల మీద తీశారు" అన్నాడు. జనం గొల్లుమన్నారు. ఆ ఊపులో ఇంకోటి వదిలాడు. "ఏం పెద్దమ్మా, కోడల్ని తెచ్చుకున్నావనుకున్నాం. కొరివిని తెచ్చుకుని తల గోక్కుంటున్నావే!"

పెద్దమ్మ ఆగింది. అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంటి నుంచి అక్కడి దాకా కోడల్ని అనడానికి కూడబెట్టుకొచ్చిన మాటలన్నీ ఒక్కసారి దారి మార్చుకున్నాయి.

"నా కోడల్ని అనాలంటే నేనున్నాను, నాకు నోరుంది. ఆ పని నీకెవరు అప్పజెప్పారు?" అంది. "ఈ కంపు నీ ముక్కుకీ తగుల్తోందిగా ఇన్నేళ్ళుగా. నువ్వేం చేశావు? కిటికీ మూసుకుని దగ్గుమందు అమ్ముకున్నావు. ఈ పిల్ల ఆ కంపులోకి దిగి చేతులు పెట్టింది. ఇవాళ కుదర్లేదు, రేపు కుదురుతుంది. మరకల సంగతంటావా, మరకలు వదలగొట్టడమే నా బతుకు. నీ సాయం అక్కర్లేదు."

పెద్దమ్మ కోడలి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చేసింది.

లాండ్రీలో ఇద్దరూ తొట్టి పక్కన నిలబడి తారు మరకలు రుద్దుతున్నారు. పనివాళ్ళు దూరదూరంగా తిరుగుతున్నారు. రుద్దుతూనే కోడలు అడిగింది.

"అందరి ముందూ ఎందుకలా అన్నారు అత్తయ్యా? తప్పు నాదే కదా."

"నీదే. అందుకేగా ఉతికిస్తున్నాను."

కోడలికి నవ్వొచ్చింది, దాంతోపాటే ఏడుపూ వచ్చింది. పెద్దమ్మ అటు తిరిగి సబ్బు వెతుక్కుంది. వెతుకుతూనే, "ఎక్కడ చెడింది?" అని మాత్రం అడిగింది.

"ఉప్పు. సముద్రంలో ఉన్న ఉప్పంతా నాచులోనే ఉంది. పైగా తడి. ఆ రెండూ కలిసి తారుతో పాటు గొట్టంలో పేరుకుపోయాయి. ముందే కడిగి, పిండి, ఎండబెట్టాల్సింది. చైర్మన్‌గారు తొందరపెడితే సగం కడిగి పెట్టేశాను. ఇంకొంచెం గడువు అడిగుండాల్సింది. కడగడానికి మన లాండ్రీలో ఆఖరిసారి జాడించిన నీళ్ళు చాలు, ఎలాగూ కాలవలోకి వదిలేస్తున్నాం. పిండడమే ఎలాగో తెలీడం లేదు. చేత్తో అయ్యే పని కాదు."

మాట్లాడుతూ మాట్లాడుతూ ఆ పిల్ల కళ్ళు గోడవారన గిర్రున తిరుగుతున్న బట్టలు పిండే మెషీన్ మీద వాలాయి. పెద్దమ్మ ఆ చూపు పట్టేసింది.

"ఆ ఊసెత్తకు. ఆపరేషన్ గది గుడ్డలు తిరిగే మెషీన్ అది. దాంట్లో నాచు పడితే మనం దుకాణం మూసుకోవడమే."

"నేనేం అడగలేదు అత్తయ్యా."

"నోటితో అడగలేదు."

తర్వాత కొన్నాళ్ళు పెద్దమ్మ రోజూ ఒడ్డుకేసి చూస్తూనే ఉంది. కోడలు పాత దుప్పటిలో నాచు మూటగట్టి, రెండు కొసలకీ కర్రలు దూర్చి, ఒక కొస పడవకి కట్టి, ఇంకో కొస తను మెలితిప్పుతోంది. ఒక్కో మూటకీ ఆయాసం. అరచేతులు బొబ్బలెక్కి, వాటికి గుడ్డ చుట్టుకుని మళ్ళీ తిప్పుతోంది. అడగదు. మానదు. పెద్దమ్మకి ఆ వయసులో తను గుర్తొచ్చింది. కొత్తగా లాండ్రీ పెట్టినప్పుడు తనూ అలాగే చేత్తోనే పిండేది.

వెనక గదిలో గోనెపట్టా కప్పిన పాత మెషీన్ ఒకటుంది. పెద్దమ్మా, భర్తా కలిసి కొన్న మొట్టమొదటి పిండే మెషీన్ అది. కొత్తది వచ్చాక మూలపడింది. ఇనప సామాను కొనేవాడు ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదు. ఒక పొద్దున ఆవిడ తనే పట్టా తీసి, తుడిచి, నూనె వేసి, పనివాళ్ళ చేత తోపుడుబండి మీద షెడ్డుకి తోలించింది. వెనకాలే తనూ వెళ్ళింది.

కోడలు మెషీన్‌కేసీ అత్తకేసీ మార్చి మార్చి చూసింది.

"అలా గుడ్లప్పగించి చూడకు. మీ మామయ్య దీన్ని గుర్రం అనేవారు. తిరగడం మొదలుపెట్టేటప్పుడు ఎగిరెగిరి పడుతుంది. కాళ్ళు నేలకి బిగించి మరీ తిప్పు."

"అత్తయ్యా, ఇది మామయ్యగారి..."

"మూల కూర్చుని తుప్పు పడితే ఆయనకేం సంతోషం? తిరగనీ."

గుర్రం తిరిగింది. షెడ్డు రేకులన్నీ దడదడలాడాయి. మెషీన్ అడుగు గొట్టం నుంచి ఉప్పునీళ్ళు ధారగా కారాయి. లోపల మిగిలిన నాచుని చేత్తో పట్టుకుంటే గడ్డిలా గరగరలాడింది. కోడలు దాన్ని పిడికిట్లో పట్టుకుని చిన్నపిల్లలా నవ్వింది.

ఆ తర్వాత బట్టీ మొండికెయ్యలేదు. గొట్టాన్ని కొంచెం వెడల్పు చేసింది కోడలు, మధ్యలో తీసి శుభ్రం చేసుకునే వీలు పెట్టింది. రోజూ కొంత నూనె. తేనెలాగా చిక్కగా, నల్లగా, పొగచూరిన వాసనతో. పీపాల్లో నింపి మూతలు బిగించింది. బొగ్గు బస్తాల్లోకెత్తింది. ఇసక నేలలో కలిపితే నీరు నిలుస్తుందని ఆ పిల్ల చెప్తే తోటలున్నవాళ్ళు ఒకరిద్దరు బొగ్గు పట్టుకెళ్ళారు గానీ, నూనె ముట్టుకునే ధైర్యం ఎవరూ చెయ్యలేదు. వాల్వు తెరుచుకున్న చప్పుడు ఇంకా అందరి చెవుల్లో ఉంది మరి. షెడ్డులో పీపాలు ఒకదాని మీద ఒకటి పెరుగుతూ వచ్చాయి. వీధిలో ఆ పిల్లకి నాచు కోడలని పేరు స్థిరపడిపోయింది.

ఇలా ఉండగా వానలు పట్టుకున్నాయి. తెరిపి లేని వానలు. ఊరికున్న ఒకే ఒక్క దారి కొండ పక్కగా పోతుంది. ఆ కొండచరియ కాస్తా జారి దారి మీద కూర్చుంది. మనుషులైతే చుట్టూ తిరిగి కాలినడకన వస్తున్నారు, లారీలు రావు. లాండ్రీ బాయిలర్‌కి డీజిల్ పట్టుకొచ్చే ట్యాంకరు అవతలే ఆగిపోయింది. ఇక్కడ డీజిల్ తొట్టి అడుగంటింది. ఆవిరి లేకపోతే లాండ్రీ లేదు. ఉతకడం ఎలాగోలా ఉతకొచ్చు, కానీ ఆపరేషన్ గుడ్డలు మరిగే ఆవిరి తగలందే పనికిరావు. ఆ వానలో ఆరేది కూడా లేదు.

మధ్యాహ్నం ఆసుపత్రి హెడ్ నర్సు గొడుగు కూడా సరిగ్గా వేసుకోకుండా వచ్చింది. ఎప్పుడూ నిదానంగా మాట్లాడే మనిషి, ఆ రోజు గుమ్మంలోంచే మొదలుపెట్టింది.

"పెద్దమ్మా, శుభ్రమైన గుడ్డలు ఇవాళ్టికే ఉన్నాయి. రేపటి నుంచి ఆపరేషన్లు ఆపేస్తామంటున్నారు డాక్టర్లు. కాన్పు కష్టమయ్యేలా ఉన్న అమ్మాయి ఒకతె ఉంది. పక్క ఊరికి పంపుదామంటే దారి లేదు. మీరేదో ఒకటి చెయ్యాలి."

పెద్దమ్మ తిరిగి కోడలికేసి చూసింది. కోడలు గోడకి ఆనుకుని నిలబడింది, మొహం పాలిపోయింది. అత్త ఏం అడగబోతోందో ఆ పిల్లకి తెలుసు.

"అంత పెద్ద బాయిలర్లో ఎప్పుడూ వెయ్యలేదు అత్తయ్యా."

"వేస్తే ఏమవుతుంది?"

"బర్నర్ మూసుకుపోవచ్చు. మంట నిలబడకపోవచ్చు."

"పేలుతుందా?"

"పేలనివ్వను. మంట ఆరిన వెంటనే నూనె కట్టెయ్యాలి. లోపలున్న ఆవిర్లన్నీ ఫ్యానుతో బయటికి ఊదేశాకే మళ్ళీ వెలిగించాలి. ఆ జాగ్రత్త నాకు తెలుసు."

"మరి దేనికి భయం?"

కోడలు గొంతు సన్నగా వచ్చింది. "మళ్ళీ చెడిపోతే..."

"చెడిపోతే మళ్ళీ ఉతుకుదాం. పద."

బాయిలర్ గదికి రాజు బాయిలర్ తాత. పెద్దమ్మ కంటే పెద్దవాడు. లాండ్రీ పెట్టిన నాటి నుంచీ ఆ బాయిలర్‌ని కన్నబిడ్డలా చూసుకుంటున్నాడు. విషయం వినగానే తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"నా బాయిలర్‌కి వడగట్టిన డీజిల్ తప్ప పోసెరగనమ్మా. దానికి నాచు కషాయం పట్టిస్తానంటే ఎలా?"

"మీకు జలుబు చేస్తే కషాయం తాగరా పెద్దాయనా?" అంది పెద్దమ్మ. "దానికీ ఇప్పుడు జలుబు చేసిందనుకోండి."

తాత గొణుక్కుంటూనే పక్కకి జరిగాడు. కోడలు పీపా తెప్పించి, దాన్ని వేడినీళ్ళ తొట్టిలో దించి, నూనె పలచబడేదాకా వెచ్చబెట్టింది. పాత దిండు గలీబులో వడగట్టింది. బర్నర్‌కి కొంచెం పెద్ద బెజ్జం ఉన్న మూతి బిగించింది. తాత వెలిగించాడు. మంట చిటపటలాడి, దగ్గి, ఆరిపోయింది. నూనె కట్టేశారు, గాలి ఊదారు, మళ్ళీ వెలిగించారు. మళ్ళీ అదే దగ్గు, అదే చీకటి. తాత పెద్దమ్మకేసి "చెప్పానా" అన్నట్టు చూశాడు. పెద్దమ్మ ఆయన్ని చూడలేదు, కోడల్నే చూస్తోంది.

కోడలు బాయిలర్ ముందు గొంతుక్కూర్చుంది. గాజు కిటికీలోంచి లోపలికి చూస్తూ చాలాసేపు అలాగే ఉండిపోయింది. హెడ్ నర్సు ఏదో అనబోతే పెద్దమ్మ చేత్తో వారించింది.

"నూనెలో ఇంకా కొంచెం నీరుంది. లోపలేమో చల్లగా ఉంది. అంటుకునేలోపే ఆరిపోతోంది" అని తనలో తను అనుకున్నట్టు అంది కోడలు. గబుక్కున తలెత్తింది. "తాతా, ఇది మొదట్లో బొగ్గు బాయిలరే కదా? కింద బొగ్గు పరిచే ఇనప చట్రం ఇంకా ఉందా?"

"ఉంది. తీయడానికి నాకు మనసొప్పలేదు. కింది తలుపు కూడా తెరుచుకుంటుంది."

"అయితే నాచు బొగ్గు తెద్దాం. కింద నిప్పుల పరుపు వేద్దాం. దాని మీద నూనె పడితే ఆరిపోదు. ఎప్పుడు ఆరబోతే అప్పుడు కింద నిప్పు మళ్ళీ అందిస్తుంది."

ఇంకేముంది, లాండ్రీ లాండ్రీ అంతా వానలో షెడ్డుకి పరిగెత్తింది. ఇస్త్రీ చేసేవాళ్ళు, ఉతికేవాళ్ళు, బండి తోలేవాడు. తలో బస్తా భుజాన వేసుకుని, మీద దుప్పటి కప్పుకుని తెచ్చారు. హెడ్ నర్సు కూడా ఒక బస్తా కొస పట్టుకుంది. తాత మోకాళ్ళ మీద కూర్చుని చట్రం మీద బొగ్గు పరిచాడు. ఆ పని చేసి ఎన్నేళ్ళయిందో, చేతులు మాత్రం మర్చిపోలేదు. కట్టెపుల్లలతో రాజేశాడు. బొగ్గు ముందు నీలంగా అంటుకుంది, నెమ్మదిగా ఎర్రబడింది. లోపలంతా నిప్పుల మడుగులా అయ్యేదాకా కోడలు ఎవర్నీ తొందరపడనివ్వలేదు. "ఇంకా ఆగండి, ఇంకా" అంటూనే ఉంది. అప్పుడు కుళాయి తిప్పింది.

నూనె తుంపర నిప్పుల మీద పడి భగ్గుమంది. నారింజరంగు మంట నిండుగా లేచి, గర్జించి, నిలబడింది. దగ్గలేదు, వణకలేదు. అందరి కళ్ళూ గోడ మీద పీడనం చూపించే ముల్లు మీదికి వెళ్ళాయి. అది కదల్లేదు. కదల్లేదు. తర్వాత వెంట్రుకవాసి లేచింది. ఆ మీదట ఇక ఆగలేదు.

తాత టోపీ తీసేశాడు. "తాగుతోందమ్మా!" అన్నాడు, కళ్ళల్లో నీళ్ళతో. "నాచు తాగుతోంది నా తల్లి! గటగటా తాగుతోంది!"

కోడలు చల్లటి గోడకి వీపు ఆనించి, నేల మీద అలాగే కూలబడిపోయింది. పెద్దమ్మ వంగి ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి నొక్కింది. ఏదో అందామనుకుంది. అంతలోనే లేచి పనివాళ్ళ మీద పడింది. "నిలబడి చూడ్డానికి ఇదేమన్నా తమాషానా? మెషీన్లు నింపండి!"

గొట్టాల్లోకి ఆవిరి ఉరికింది. ఇస్త్రీ రోలర్లు బుసకొట్టాయి. మొదటి దుప్పటి ఇవతలికి రాగానే పెద్దమ్మ అందుకుని, మడత పెట్టకుండానే మొహానికి ఆనించుకుని గట్టిగా వాసన చూసింది. తర్వాత హెడ్ నర్సు చేతికిచ్చింది. ఆవిడా చూసింది.

"ఏ వాసనా లేదు పెద్దమ్మా. వేడి గుడ్డ వాసన, అంతే."

"నా కోడలు తీసిన ఆవిరమ్మా అది" అంది పెద్దమ్మ. గదిలో అందరికీ వినపడేలా అంది. "వాసన ఎందుకొస్తుంది?"

పొద్దుగూకేలోపు ఆసుపత్రికి మూటలు వెళ్ళాయి. ఆ కాన్పు కష్టమైన అమ్మాయికి డాక్టర్లు ఆపరేషన్ చేసి ఆడపిల్లని తీశారని, తల్లీ పిల్లా క్షేమమని మర్నాడు హెడ్ నర్సు స్వయంగా వచ్చి చెప్పి వెళ్ళింది. కొండ దగ్గర దారి బాగయ్యేదాకా లాండ్రీ మొత్తం నాచు మీదే నడిచింది. తాత రోజూ పొద్దున్నే చట్రం మీద గట్టిపడ్డ బూడిద చెక్కలు గీకుతూ సణిగేవాడు. ఎవరైనా వచ్చి ఆ బూడిదని ఒక్క మాటంటే మాత్రం ఊరుకునేవాడు కాదు. దారి బాగుపడి డీజిల్ ట్యాంకరు వచ్చినప్పుడు పెద్దమ్మ బయటికెళ్ళి, "ఈసారి సగం చాలు బాబూ" అని డ్రైవరుకి చెప్పింది. వాడు చెవులు సరిచేసుకుని మళ్ళీ అడిగాడు.

కొడుకు ఓడ దిగి ఇంటికొస్తుంటే వీధిలో అడుగడుక్కీ ఆపేశారు. "మీరు నాచు ఇంజినీరుగారి భర్త కదూ?" అని మందుల షాపాయన మెట్లు దిగొచ్చి మరీ చెయ్యి కలిపాడు. కొడుకు ఇంట్లోకొచ్చి, "అమ్మా, ఈ ఊళ్ళో నాకో పేరుండేది, ఏమైంది?" అని అడిగాడు. "పోతే పోయింది. ఇప్పుడున్నది అంతకంటే గొప్పది" అంది పెద్దమ్మ.

మరుసటి ఎండలకి మున్సిపాలిటీ ఒడ్డున పెద్ద బట్టీ కట్టించింది. నాచు ఒడ్డుకి చేరిన రోజే ఎత్తేస్తున్నారు. కుళ్ళే వ్యవధి లేదు. వీధిలో కిటికీలు తెరుచుకున్నాయి. చుట్టుపక్కల తీరపు ఊళ్ళ నుంచి ఇంజినీర్లు, మున్సిపాలిటీ వాళ్ళు, విద్యార్థులు గుంపులుగా చూడ్డానికొస్తున్నారు. పెద్దమ్మ ఆ వేళకి లాండ్రీ వదిలేసి అక్కడికి చేరుతుంది. ఎవరూ అడక్కపోయినా వాళ్ళకి దారి చూపిస్తుంది. ఇక్కడ కడుగుతారు, ఇక్కడ పిండుతారు, ఇదిగో ఈ పాత్రలోకి గాలి చొరబడదు, ఇటు నూనె, అటు గ్యాసు, అడుగున బొగ్గు. ఎక్కడా తడుముకోదు.

ఒకసారి ఒక కుర్ర ఇంజినీరు ఆవిడ చెప్పిందంతా శ్రద్ధగా విని, "మీరూ ఈ రంగంలోనే చదువుకున్నారా అండీ?" అని మర్యాదగా అడిగాడు.

"లేదు నాయనా" అంది పెద్దమ్మ, చీర కొంగు సర్దుకుంటూ. "నేను ఇంజినీరుకి అత్తని."

అంతలో కోడలు బట్టీ పక్కనున్న మెట్లెక్కి నిలబడి మాట్లాడడం మొదలుపెట్టింది. కింద పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు తలలెత్తి వింటున్నారు. ఒకాయన లేచి ఏదో చిక్కు ప్రశ్న వేశాడు. కోడలు ఒక్క క్షణం ఆలోచించి, "అది నాకింకా తెలీదండీ, ఈ ఏడు దాని మీదే పనిచేస్తున్నాం" అని నిబ్బరంగా చెప్పి ముందుకి సాగింది. పెద్దమ్మకి ఆ మాటల్లో సగం అర్థం కాలేదు. అందరి వెనకాల, ఎండలో, చేతులు కట్టుకుని నిలబడి చివరిదాకా వింది. పక్కన ఎవరో గుసగుసలాడుతుంటే వేలు పెదవుల మీద పెట్టి, "ష్... నా కోడలు మాట్లాడుతోంది" అంది.